రొమ్ము తగ్గించే ఆపరేషన్: సంతకం పెట్టే ముందు

భుజాల మీద బ్రా పట్టీలు కోసిన గాడి, ఎండాకాలం రొమ్ము కింద ఒరుసుకుని చిట్లే చర్మం, పొద్దెక్కే కొద్దీ పెరిగే మెడనొప్పి. ఇవి బరువు వల్ల వచ్చినవైతే ఆపరేషన్‌తో బాగా తగ్గుతాయి. మెడనొప్పి వెన్నుపూస అరిగి వచ్చిందైతే మాత్రం తగ్గదు. అందుకే ముందు ఒక నెలపాటు సరైన కొలత బ్రా వేసుకుని, ఏ పని చేస్తే ఎంత నొప్పి వచ్చిందో రాసుకోండి. అందం కోసం చేసే ఆపరేషన్లకు ఇన్సూరెన్స్ వర్తించదు. వైద్యపరంగా అవసరమని డాక్టర్ రాసిచ్చేటప్పుడు మీరు రాసుకున్న ఆ నొప్పి వివరాలు పనికొస్తాయి.

బెంగళూరులో 'కాస్మెటిక్ సర్జన్' బోర్డులకు కొదవ లేదు, కానీ అది డిగ్రీ కాదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ ఉందా, కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యారా చూడండి. ఏడాది నిండిన మచ్చల ఫొటోలు అడగండి. నెల నాటివి చూసి ఏమీ తేల్చుకోలేం.

ఉండిపోయేవేవో, పోయేవేవో విడదీసుకోండి. చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, రొమ్ము కింది మడత వెంట లంగరు ఆకారంలో పడే మచ్చ ఉండిపోతుంది. పాలిపోవడానికి ఏడాది పైనే పడుతుంది. నిలువు కుట్టు మడతను కలిసేచోట లాగుడు ఎక్కువ, రక్తం తక్కువ. తరచూ విచ్చుకునేది అక్కడే. చిన్నదైతే డ్రెస్సింగ్‌తోనే కొన్ని వారాల్లో మానుతుంది. చనుమొనలో స్పర్శ తగ్గవచ్చు. అరుదుగా రక్తం అందక అది చచ్చుబడుతుంది. సిగరెట్, అదుపులో లేని షుగర్ ఈ ప్రమాదాన్ని పెంచుతాయి, కాబట్టి ఆపరేషన్‌కు ముందు కనీసం 4 వారాలు, తర్వాత 4 వారాలు పొగ మానాల్సిందే. పాలనాళాలు తెగితే పాలు తగ్గుతాయి. పిల్లల్ని కనాలనుకుంటే కాన్పుల తర్వాత చేయించుకోవడమే మంచిదని మా మాట. ఇంకొకరి కంటికి నచ్చాలని అయితే అసలు వద్దు.

40 దాటితే ముందు మామోగ్రామ్ తీయించుకోండి. తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపుతారా అని కూడా అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, సొంతంగా ఆపకండి. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టే ఫారం ఇంగ్లీషులో ఉంటే, తెలుగులో చదివి వినిపించమనండి. ఈ ఊరి ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన నర్సు దొరకడం కష్టం కాదు.

కూర్చుని చేసే ఉద్యోగానికి సుమారు 2 వారాల సెలవు పెట్టాలి. బిందె, చంటిపిల్ల, సిలిండర్ 6 వారాలు ఎత్తకండి. స్కూటర్ కూడా డాక్టర్ సరేనన్నాకే. ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకున్నా, చనుమొన నల్లబడినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా వాట్సాప్‌లో ఫొటో పంపి ఎదురుచూడకండి. అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లండి.