నాలుగు పిల్లులున్న ఇంట్లో చోటు ఎలా పంచాలి?

మా ఇంట్లో నాలుగు పిల్లులు. అందరికంటే పెద్దది రాణి, తర్వాత మినుము, ఆఖర్న ఒకే ఈత అన్నదమ్ములు గుండు, బుజ్జిగాడు. ఒక పిల్లిని చక్కగా పెంచినవాళ్లు కూడా రెండోదో మూడోదో రాగానే తికమకపడతారు. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. గొడవపడ్డాక మళ్లీ రాజీ చేసుకునే పద్ధతులు దానికి తక్కువ. నచ్చని పిల్లి ఎదురైతే పక్కకి తప్పుకోవడమే దానికి తెలిసిన దారి. అందుకే అన్నీ కలిసిమెలిసి ఉండాలని పట్టుబట్టకండి. ఏ పిల్లి అయినా తిండికి, నీళ్లకి, లిట్టర్ బాక్సుకి (మలమూత్రాల కోసం ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే డబ్బా), నిద్రకి ఇంకో పిల్లి ముందు నుంచి వెళ్లాల్సిన అవసరం లేకుండా ఇల్లు సర్దండి. నేను చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు లిట్టర్ బాక్సులు. ఎన్ని పిల్లులుంటే అన్ని, పైన ఇంకొకటి. నాలుగింటికి ఐదు. ఆ ఐదూ ఒకే గదిలో వరసగా పెడితే ఉపయోగం లేదు. గుమ్మం దగ్గర ఒక పిల్లి కూర్చుంటే అన్నిటికీ దారి మూసుకుపోయినట్టే. మినుము సరిగ్గా అదే చేసేది. గుమ్మంలో అడ్డంగా పడుకుని గుండుని రెప్ప వేయకుండా చూసేది. అరుపు లేదు, రక్కడం లేదు. వాడు వెనక్కి తిరిగి వెళ్లి మంచం కింద తడిపేవాడు. చూసేవాళ్లకి వాడికి అలవాటు చెడిందనిపిస్తుంది. రెండు బాక్సుల్ని ఇంటికి అవతలి వైపు పెట్టగానే మంచం కింద తడి ఆగిపోయింది. పిల్లుల మధ్య బెదిరింపు చాలావరకు ఇలా చప్పుడు లేకుండానే జరుగుతుంది. తదేకంగా చూడటం, దారికి అడ్డం పడుకోవడం, ఇంకో పిల్లి లేవగానే దాని చోటు ఆక్రమించడం, వీటిని గమనించండి.

బాక్సు పెద్దదిగా ఉండాలి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుంటే దానికి కనీసం ఒకటిన్నర రెట్లు. వాసన కలిపిన లిట్టర్ వద్దు. బాక్సులోని మలం, తడి గడ్డలు రోజుకి ఒక్కసారైనా ఎత్తాలి, నేను పొద్దునా సాయంత్రం ఎత్తుతాను. బయట తడిపిన చోటుని ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. అమ్మోనియా ఉన్నవి వాడకండి, ఆ వాసన మూత్రానికి దగ్గరగా ఉండి పిల్లిని మళ్లీ అక్కడికే రప్పించవచ్చు.

తిండి గిన్నెలు ఒకదానికొకటి కనపడని చోట్ల పెట్టండి. పక్కపక్కనే తింటున్నాయి కదా అని మురిసిపోతాం గానీ, చాలాసార్లు అవి ఆకలి కోసం ఇష్టం లేని పొరుగుని భరిస్తున్నాయి. గబగబా మింగి వెంటనే కక్కే పిల్లి ఉంటే దాని గిన్నెని వేరే గదికి మార్చి చూడండి. విడి గిన్నెల వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, ఎవరు తినలేదో తెలుస్తుంది. ఉమ్మడి గిన్నె ఖాళీ అయితే అందరూ తిన్నారనుకుంటాం. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. నేను ఒక్కొక్కదాన్నీ ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కి, నా బరువు తీసేసి రాసుకుంటూ ఉంటాను. వొత్తు బొచ్చులో చిక్కిపోవడం కంటికి ఆనదు.

కుక్కల ఆహారం పిల్లికి రోజూ పెట్టేది కాదు. పిల్లి శరీరం టారిన్ అనే పోషకాన్ని తనకి సరిపడా తయారు చేసుకోలేదు, ఆహారం నుంచే అందాలి. అది తగ్గితే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండె జబ్బుకి ఈ లోటే కారణమని 1987లో తేలాకే పిల్లుల ఆహారంలో టారిన్ మోతాదు పెంచారు.

కొత్త పిల్లిని తెస్తే తొందర అస్సలు వద్దు. ముందు వెట్ దగ్గర టీకాలు, ఎఫ్ఐవీ, ఫెలైన్ లుకేమియా (రెండూ పిల్లి నుంచి పిల్లికి అంటుకునే వైరస్ జబ్బులు) రక్తపరీక్షలు. తర్వాత దానికి ఒక గది, తలుపు మూసి. మెత్తని గుడ్డతో దాని బుగ్గలు రుద్ది ఆ గుడ్డని పాత పిల్లులు పడుకునే చోట పెట్టండి, వాటి గుడ్డ దీనికి ఇవ్వండి. మూసిన తలుపుకి అటూ ఇటూ తిండి పెట్టి, గిన్నెల్ని రోజు రోజుకీ దగ్గరికి జరపండి. రెండు వైపులా నింపాదిగా తింటుంటేనే తలుపు కాస్త తెరవాలి. కొన్నిటికి వారం చాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. బుసలు వినపడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

కలిసి ఉన్నవి కూడా ఉన్నట్టుండి విడిపోతాయి. రాణిని పళ్ల క్లీనింగ్‌కి తీసుకెళ్లి తెచ్చిన సాయంత్రం, అది పెంచినట్టే ఉండే బుజ్జిగాడు దాన్ని చూసి బుస కొట్టాడు. ఆస్పత్రి వాసనతో వచ్చిన రాణి వాడికి రాణి కాదు. అలాంటప్పుడు వచ్చినదాన్ని కొన్ని గంటలు వేరే గదిలో ఉంచండి, ఇంటి వాసన పట్టాక సర్దుకుంటుంది. కిటికీ బయట తెలియని పిల్లి కనిపించినప్పుడు కూడా కోపం పక్కనున్న దాని మీదికి మళ్లుతుంది. కిటికీకి కర్టెన్ వేయండి. కొట్టుకుంటుంటే మధ్యలో చేయి పెట్టొద్దు, అట్టముక్కో దిండో అడ్డం పెట్టండి.

ఎత్తు చోట్లు ఎన్ని ఉంటే అంత మంచిది. బీరువా పైన, గోడ అల్మరాల మీద, ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకో దారి ఉండేలా. సంధ్యవేళల్లో, తెల్లవారుజామున పిల్లులకి హుషారెక్కువ. అందుకే పడుకునే ముందు ఈకల కర్రతో ఆడించి, తర్వాత తిండి పెడతాను. ఆడాక తాడు, దారం లోపల పెట్టేయాలి, మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది.

ఆ ఆట సమయమే నాకు రోజంతటిలో ఇష్టమైనది. మినుము సోఫా వెనక నక్కి తోక చివర మాత్రం ఆడిస్తుంది. గుండు అందరికంటే ఎత్తు ఎగిరి, ఈకని పట్టుకున్నాక నా పాదాల మీద తెచ్చి వదులుతాడు. అలిసిపోయాక అన్నదమ్ములిద్దరూ ఒకరి తల ఒకరు నాకుతూ, ఎవరి కాలు ఎవరిదో తెలియకుండా పడుకుంటారు. తోక నిటారుగా ఎత్తి ఎదురొస్తే, బుగ్గ బుగ్గకి రాస్తే, అది పిల్లుల్లో స్నేహం. మా మినుము ఇప్పటికీ రాణికి బుగ్గ రాయదు. కానీ ఒకే గదిలో చెరో మూలా వెల్లకిలా నిద్రపోతాయి, నాకు అది చాలా పెద్ద సంతోషం.

కొన్ని విషయాల్లో ఆలస్యం పనికిరాదు. మగపిల్లి బాక్సులో పదేపదే ముక్కుతూ మూత్రం రాకపోతే వెంటనే, అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి. లిల్లీ పూలు ఇంట్లోకి రానివ్వకండి, వాటి పుప్పొడి ఒంటికి అంటుకుని నాకినా కిడ్నీలు పోతాయి. పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లిని చంపడానికి. పిల్లికూనలకి నాలుగు నెలలకే చూలు నిలవవచ్చు, తొమ్మిది వారాల్లో ఈనుతాయి, కాబట్టి ఐదో నెల నిండేలోగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.

ఇంకొకదాన్ని తెద్దామా అని పిల్లలు అడుగుతుంటారు. ఆరో బాక్సుకి వేరుగా చోటుందా, కొత్తది ఉండటానికి ఒక గది ఖాళీ చేయగలమా, ఒకేసారి రెండిటికి జబ్బు చేస్తే ఖర్చు పెట్టుకోగలమా అని చూస్తాను. రాణికి వయసైపోయింది, కిడ్నీలు బలహీనపడ్డాయి, పక్కగది ఇప్పుడు దానిది. అది ఉన్నంతకాలం ఐదోది వద్దని చెప్పేశాను.