ఎయిర్ ఫిల్టర్‌లోకి ఆయిల్ తన్నడం ఎలా ఆగిందంటే

పాత సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్, సైడ్ వాల్వ్ రకం (వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి). కాసేపు నడిస్తే చాలు, ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ముద్దయ్యేది, సైలెన్సర్ నుంచి నీలిపొగ. ఆయిల్ మట్టం సరిచేశాను, గ్రేడ్ మార్చాను, కొత్త ఫిల్టర్ వేశాను, కంప్రెషన్ చూస్తే బాగానే ఉంది, అయినా ఆగలేదు.

చివరికి దారి చూపింది బ్రీదర్. పిస్టన్ దిగేటప్పుడు క్రాంక్‌కేసు (పిస్టన్ కింద ఆయిల్ ఉండే గది) గాలిని బయటికి వదిలి, పైకెళ్లేటప్పుడు మూసుకునే చిన్న వాల్వ్ అది. సరిగ్గా మూసుకోకపోతే లోపల వాక్యూమ్ నిలవదు, ఆయిల్ గాలితోపాటు బ్రీదర్ ట్యూబులోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి వచ్చేస్తుంది.

ఇంజిన్ చల్లారాక ముందు ప్లగ్ వైరు పీకాను. వాల్వ్ స్ప్రింగుల గది మీదున్న బ్రీదర్ విప్పాను. అందులో వాల్వ్‌గా పనిచేసే ఫైబర్ బిళ్ళకూ బాడీకీ మధ్య 1.1 మి.మీ. తీగ పెడితే ఇట్టే దూరిపోయింది. ఈ రకంలో దూరకూడదు. (తీగను బలవంతంగా తొయ్యొద్దు, బిళ్ళ పాడవుతుంది.) ఆయిల్ తిరిగి కిందికి జారే సన్న రంధ్రం కూడా మడ్డితో పూడిపోయి ఉంది, అసలు ఇక్కడే చాలామంది చూడరు. రంధ్రం శుభ్రం చేసి, కొత్త బ్రీదర్, కొత్త గాస్కెట్ వేసి, రంధ్రం కింది వైపు ఉండేలా బిగించాను. ట్యూబు మడతపడలేదని కూడా చూసుకున్నాను.

అప్పటినుంచి ఫిల్టర్ పొడిగానే ఉంది. వాల్వ్, రంధ్రం రెండూ ఒకేసారి బాగుచేశాను కాబట్టి అసలు కారణం ఏదో చెప్పలేను. పిస్టన్ రింగులు అరిగిన ఇంజిన్‌కి ఇదొక్కటే సరిపోదు. బిళ్ళకు బదులు రీడ్ వాల్వ్ (పలుచటి రేకు వాల్వ్) ఉన్నవాటికి ఈ తీగ కొలత వర్తించదు, మీ మాన్యువల్ చూసుకోండి.