రోజూ యూవీ ఇండెక్స్ చూసి ఎండలో జాగ్రత్త పడటం ఎలా?

ఎండ వేడి ఎంతుందో ఒంటికి తెలుస్తుంది. అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ, ఎంతుందో తెలియదు. అవి కంటికి కనబడవు, చర్మానికి వెచ్చగానూ తగలవు. చల్లగాలి వీచే రోజున హాయిగా బయట తిరిగినవాళ్ల ముఖం సాయంత్రానికి కమిలిపోవడానికి కారణం అదే. అందుకే వేడిని బట్టి కాకుండా అంకెను బట్టి జాగ్రత్త పడాలి.

1. పొద్దున్నే అంకె చూడండి

ఫోన్‌లోని చాలా వాతావరణ యాప్‌లలో ఉష్ణోగ్రత కిందే 'యూవీ ఇండెక్స్' కనిపిస్తుంది. 1992లో కెనడా ఇలాంటి సూచిక మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ తదితరాలు కలిసి అన్ని దేశాలకూ ఒకే కొలమానం తెచ్చాయి. 0 నుంచి 2 వరకు తక్కువ, 3 నుంచి 5 మధ్యస్థం, 6, 7 ఎక్కువ, 8 నుంచి 10 చాలా ఎక్కువ, 11, ఆపైన తీవ్రం. 3 వచ్చిందంటే జాగ్రత్తలు మొదలుపెట్టాల్సిందే. 8, ఆపైన ఉంటే మధ్యాహ్నం పనిని వేరే వేళకు మార్చుకోవడం మేలు.

ఒక్క సంగతి గమనించండి. రోజు మొత్తానికి ఒకే అంకె ఇస్తే అది ఆ రోజు గరిష్ఠ స్థాయి. గంటల వారీగా చూస్తేనే మీరు బయటికెళ్లే వేళకు ఎంతుంటుందో తెలుస్తుంది. ఉదయం 8 గంటలకు 1 ఉన్నచోటే మిట్టమధ్యాహ్నానికి 10 ఉండొచ్చు.

ఫోన్ చేతిలో లేకపోతే మీ నీడ చూసుకోండి. అది మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే సూర్యుడు బాగా పైకొచ్చినట్టే, యూవీ గట్టిగా ఉన్నట్టే.

2. ఉన్న చోటును బట్టి లెక్క పెంచండి

మబ్బు పట్టిందని ధీమాగా ఉండకండి. పల్చటి మబ్బులోంచి 90 శాతానికి పైగా యూవీ కిందికి దిగగలదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ, ప్రతి 1,000 మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతుంది. తాజా మంచు తనమీద పడిన యూవీలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, పొడి ఇసుక 15 శాతం. నీళ్లలో ఉన్నా రక్షణ తక్కువే: అర మీటరు లోతున కూడా పైన ఉన్న యూవీలో 40 శాతం ఉంటుంది. ఈత కొట్టేవాళ్ల వీపు, భుజాలు ముందుగా కమిలేది ఇందుకే.

కిటికీ అద్దం యూవీలో ఒక రకమైన యూవీ-బిని చాలావరకు ఆపుతుంది, మరో రకమైన యూవీ-ఎను అంతగా ఆపదు. చర్మంలో ఇంకా లోతుకు వెళ్లి ముడతలు తెచ్చేది ఆ రెండోదే. రోజంతా కిటికీ పక్కన కూర్చునేవాళ్లు పరదా వేసుకోవాలి.

3. ముందు నీడ, తర్వాత బట్టలు

నన్నడిగితే సన్‌స్క్రీన్‌ది చివరి స్థానం. నీడ, బట్టలు చెమటకు కరగవు, రెండు గంటలకోసారి గుర్తుపెట్టుకుని పూసుకోనక్కర్లేదు. బట్టను దీపానికి అడ్డంగా పట్టి చూడండి. వెలుగు ధారాళంగా దిగుతుంటే యూవీ కూడా దిగుతుంది. దగ్గర నేత, ముదురు రంగు, పొడుగు చేతులు మంచివి. తడిసి ఒంటికి అతుక్కున్న పల్చటి నూలు బట్ట అంతగా కాపాడదు. టోపీకి చుట్టూ అంచు ఉండాలి. ముందువైపే అంచున్న టోపీ చెవులను, మెడ వెనకభాగాన్ని వదిలేస్తుంది.

చలువ కళ్లద్దాలకు 'యూవీ 400' అని రాసి ఉందేమో చూసి కొనండి. యూవీని ఆపని నల్లద్దాలు పెట్టుకుంటే కంటిపాప పెద్దదై, లోపలికి మరింత యూవీ వెళ్లే ప్రమాదం ఉంది.

4. సన్‌స్క్రీన్ సరిపడా పూయండి

సన్‌స్క్రీన్ మీద రాసి ఉండే రక్షణ అంకె ఎస్‌పీఎఫ్. ఎస్‌పీఎఫ్ 30 యూవీ-బిలో సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. రెండింటికీ తేడా చిన్నదే. అసలు తేడా ఎంత పూస్తున్నామన్న దాంట్లో వస్తుంది. పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా పూసి ఈ అంకె తేలుస్తారు, మనం ఇంట్లో పూసుకునేది సాధారణంగా అంతకంటే బాగా తక్కువ. ముఖం, మెడ, చెవులకు కలిపి ఒక టీస్పూను, ఒక్కో చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒకటి, ఛాతీ పొట్టకు ఒకటి, వీపుకు ఒకటి కావాలి. 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అని ఉన్నదే తీసుకోండి, అది యూవీ-ఎను కూడా అడ్డుకుంటుంది. బయల్దేరడానికి 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, చెమట పట్టినా, ఈత కొట్టినా మళ్లీ రాయాలి. చెవుల పైఅంచులు, పాపిట, పాదాల పైభాగం చాలామంది మర్చిపోతారు.

5. మరింత జాగ్రత్త ఎవరికి?

ఆరు నెలల్లోపు పసిపిల్లలను నేరుగా ఎండ తగలకుండా నీడలోనే ఉంచాలి. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి మందులు చర్మాన్ని ఎండకు తట్టుకోలేకుండా చేస్తాయి. అవి వాడుతుంటే డాక్టరును అడగండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపేయొద్దు.

చామనఛాయ, నలుపు చర్మానికి ఎండ ఏమీ చేయదనే నమ్మకం బలంగా ఉంది, దాన్ని వదిలించుకోవాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్ల అంత తొందరగా కమలకపోవచ్చు. యూవీ వల్ల వచ్చే కంటిశుక్లం ముప్పు మాత్రం చర్మం రంగు చూసి తగ్గదు.

చర్మం కమిలితే

వెంటనే నీడలోకి వెళ్లి చల్లటి నీళ్లతో తడిపి, నీళ్లు బాగా తాగండి. ఐసు నేరుగా పెట్టొద్దు. మంట, ఎరుపు సుమారు 12 నుంచి 24 గంటల్లో ముదురుతాయి కాబట్టి, ఇప్పుడు కొద్దిగానే ఉందని మళ్లీ ఎండలోకి వెళ్లకండి. బొబ్బలు చిదమకూడదు. బొబ్బలు ఎక్కువ మేర లేచినా, జ్వరం, వాంతులు, మగత ఉన్నా, పసిపిల్లల చర్మం కమిలినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.