డయాలసిస్ బెడ్ మీద పుస్తకాలు: నా అనుభవం

వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు డయాలసిస్. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాలు) ఉన్న ఎడమ చెయ్యి సూదులు గుచ్చాక కదపకూడదు. పక్క బెడ్ అక్కకి నాకిష్టమైన నవల ఇస్తే రెండు వారాలకి తిరిగిచ్చేసింది. "బాగుందమ్మా, కానీ ఒంటిచేత్తో పట్టుకోలేకపోయాను. బీపీ పడిపోతే చదివింది గుర్తుండట్లేదు" అంది. చాలా బాధేసింది. నా కష్టమే ఆమెదీ అని తెలిసీ అంత లావు పుస్తకం ఇచ్చాను.

అప్పటినుంచి కథ సంగతి కన్నా ముందు బరువెంత, అక్షరాలు ఎంత పెద్దవి, ఎక్కడ ఆపొచ్చు అనేవి చెబుతున్నాను. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ అలా ఇచ్చిందే. నూరు కథలు, అన్నీ చిన్నవే. నర్సు మళ్లీ బీపీ చూడ్డానికి వచ్చేలోపు ఒకటి పూర్తవుతుంది. పుస్తకాన్ని దిండుకి ఆనించి, పేజీలకి బట్టల క్లిప్పు పెడతాం.

మొన్న అక్కే నాకో పుస్తకం తెచ్చింది, లోపలి పేజీలో పెన్సిల్‌తో "తేలిక" అని రాసి.