అమ్మ షుగరు, ఫోన్లో వీడియోలు, ఒక నోట్‌బుక్

మా అమ్మకి పదేళ్లుగా షుగర్. పోయినేడాది ఏదో వీడియో చూసి పరగడుపున కాకరకాయ రసం మొదలుపెట్టింది, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మామూలుగానే వేసుకుంటూ, పైగా టిఫిన్ తగ్గించి. ఒకరోజు పదకొండింటికి చెమటలు, చేతుల్లో వణుకు. మీటర్లో చూస్తే షుగర్ బాగా పడిపోయి 58! మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూస్తే 96, అప్పటికి గానీ నా టెన్షన్ తగ్గలేదు.

కోప్పడితే లాభం లేదు, నాకు తెలియకుండా చూస్తుంది, అంతే. అందుకే ఒక నోట్‌బుక్ ఇచ్చా. "ఏ వీడియో అయినా చూడమ్మా, కానీ పాటించే ముందు ఇందులో రాయి, చెప్పినాయన డాక్టరా, చివర్లో ఏదైనా పొడి అమ్ముతున్నాడా అన్నది కూడా" అన్నా. మాత్రలు మానేయమంటే మాత్రం వీడియో అక్కడే కట్టేయాలని ఒప్పందం.

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టుతో పాటు ఆ పుస్తకం కూడా డాక్టరుగారి ముందు పెడతాం. కాకరకాయ కూర తినొచ్చు, ఈ మాత్ర మీద రసం వద్దన్నారు. భోంచేశాక పది నిమిషాల నడక అన్నదానికి టిక్కు పెట్టారు, అమ్మకి ఆ టిక్కే గొప్ప. ఇప్పుడు మా పిన్ని పంపే ఫార్వర్డులు కూడా అందులోకే ఎక్కుతున్నాయి.