కొత్త సైలెన్సర్ మరీ మోగుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

బండికి వచ్చిన సైలెన్సర్ తీసేసి వేరేది బిగించిన మొదటి వారం దాని చప్పుడు నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది. బరువు తగ్గింది, గొంతు గంభీరంగా మారింది, చెవికి ఇబ్బందేమీ లేదు. ఒక రాత్రి మా తమ్ముడు బండి తీసుకెళ్లి తిరిగొస్తుంటే నేను మేడ మీద ఉన్నాను. వాడు వీధి మలుపు తిరగకముందే చప్పుడు ఇంట్లోకి వచ్చేసింది. గేటు ముందు ఒక్కసారి థ్రాటిల్ తిప్పేసరికి కిటికీ అద్దం సన్నగా వణికింది. పక్కింట్లో పసిపాప లేచి ఏడుపు మొదలుపెట్టింది. రోజూ అదే వీధిలో అదే బండి మీద తిరిగేది నేనే. కానీ ఆ చప్పుడు నాకు ఒక్కసారి కూడా అలా వినపడలేదు.

దానికి కారణం ఉంది. పైపు మూతి మీ వెనక ఉంటుంది, చప్పుడు వెనక్కి పోతుంటుంది, పైగా హెల్మెట్ చుట్టూ గాలి హోరు. కాబట్టి చప్పుడు ఎక్కువా తక్కువా అన్నది తేల్చాలంటే బండి ఇంకొకరికి ఇచ్చి మీరు రోడ్డు పక్కన నిలబడి వినండి. వీడియోలు చూసి నిర్ణయించుకోవద్దు. ఫోన్ మైకు పెద్ద చప్పుడును తనంతట తానే తగ్గించేస్తుంది, చిన్న చప్పుడును పెంచేస్తుంది.

ముందుగా ఒక కొలత

నిలబెట్టిన బండి చప్పుడు కొలవడానికి ప్రపంచమంతా దాదాపు ఒకటే పద్ధతి వాడతారు. మైకు పైపు మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో, మూతి ఎత్తులోనే పెడతారు. ఇంజిన్ గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 5,000 దాటే బండ్లకు అందులో సగం దగ్గర నిలుపుతారు. గరిష్ఠ పవర్ 8,500 దగ్గర వస్తుందనుకోండి, 4,250 దగ్గర పట్టుకుని చూడాలి. చాలా బండ్ల మీద ఈ ఆర్‌పీఎం, దానికి తగ్గ డెసిబెల్స్ ఒక చిన్న ప్లేటు మీద ఉంటాయి.

ఫోన్ యాప్ చూపే అంకె అచ్చంగా నిజం కాకపోవచ్చు. అయినా పాత సైలెన్సర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి, అదే చోట, అదే దూరంలో కొలిస్తే ఏది ఎక్కువో తెలిసిపోతుంది. గోడ పక్కనా షెడ్డులోనా వద్దు, ఖాళీ స్థలంలో కొలవండి. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టు. 10 పెరిగితే మన చెవికి దాదాపు రెండింతలు వినిపిస్తుంది. 'ఐదే కదా పెరిగింది' అని తీసిపారేయకండి.

ఇంకో సంగతి. ప్యాకెట్ మీద '90 డెసిబెల్స్' అని ఉంటే, ఎంత దూరంలో అని అడగండి. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైతే సుమారు 6 తగ్గుతుంది. అర మీటరు దగ్గర 94 ఉన్నది 7.5 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 70కి అటూ ఇటూగా పడిపోతుంది. దూరం చెప్పని అంకెకు విలువ లేదు.

లక్షణం: ఏ వేగంలోనైనా, ఏ గేర్‌లోనైనా చెవులు పగిలేలా మోగుతోంది

మొదట పైపు మూతిలోకి టార్చి వేసి చూడండి. చప్పుడు తగ్గించే డీబీ కిల్లర్ అనే చిన్న గొట్టం లోపల ఉండాలి. సాధారణంగా ఒక బోల్టుతోనో స్ప్రింగ్ క్లిప్‌తోనో పట్టి ఉంటుంది. బిగించినవాళ్లు 'సౌండ్ బాగుంటుంది' అని తీసేసి ఉండొచ్చు, లేదా బోల్టు వదులై దారిలో పడిపోయి ఉండొచ్చు. అది పెట్టేస్తే చాలావరకు దారికొస్తుంది. బోల్టుకు వేడిని తట్టుకునే థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) వేయండి.

డీబీ కిల్లర్ ఉన్నా అంతే మోగుతుంటే సైలెన్సర్ డబ్బానే చిన్నది. అసలు చప్పుడు రెండు విధాలుగా తగ్గుతుంది. బండితో వచ్చే సైలెన్సర్‌లో గదులుంటాయి. పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మలుపులు తిరుగుతూ వెళ్తుంది, శబ్ద తరంగాలు వెనక్కి కొట్టుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బయట కొనే వాటిలో ఎక్కువ భాగం తిన్నటి చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ వూల్ (దూదిలాంటి గాజు నార). ఈ ఊలు పై స్థాయి కీచు శబ్దాలను బాగా పీల్చుకుంటుంది, లోతైన గుయ్‌మనే మోతను మాత్రం పెద్దగా పట్టలేదు. చెయ్యంత పొడవున్న డబ్బాకూ, గ్లాసంత డబ్బాకూ తేడా ఇక్కడే. ఊలుకు చోటు లేకపోతే అది చేయగలిగింది లేదు. కురచ సైలెన్సర్‌కు ఇంకా చిన్న మూతి బిగించి నోరు నొక్కే బదులు, పొడవైనది, లావైనది కొనుక్కోవడమే మేలు.

ఫుల్ సిస్టమ్, అంటే ఇంజిన్ దగ్గరి నుంచి పైపు మొత్తం మార్చేది, వేయించారా? చాలా ఫుల్ సిస్టమ్‌లలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండదు. పొగను శుభ్రం చేసేది అదే, కొంత చప్పుడును కూడా అదే మింగుతుంది. చప్పుడు తక్కువ కావాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటే: స్లిప్-ఆన్ (చివరి డబ్బాను మాత్రమే మార్చేది) తీసుకోండి, కన్వర్టర్ ఉన్న ముందు భాగం జోలికి పోకండి.

లక్షణం: ఒక్క వేగం దగ్గరే బొంయ్‌మని తల దిమ్మెక్కుతోంది

నాకు వచ్చిన రెండో సమస్య ఇదే. ఎక్కువమంది అర్థం చేసుకోలేక సైలెన్సర్ మీద సైలెన్సర్ మారుస్తూ పోయేదీ దీనివల్లే. మిగతా అంతా బాగానే ఉంటుంది. కానీ రోజూ వెళ్లే వేగం దగ్గర ఒక గుయ్‌మనే మోత పట్టుకుని వదలదు. గంట ప్రయాణం చేసి దిగితే చెవిలో ఇంకా అది తిరుగుతూనే ఉంటుంది.

మొదట ఆ మోత ఎక్కడిదో తేల్చండి. నాలుగో గేర్‌లో ఏ ఆర్‌పీఎం దగ్గర మోగిందో గుర్తుపెట్టుకోండి. ఐదో గేర్‌లోకి మార్చి మళ్లీ చూడండి. వేగం వేరైనా అదే ఆర్‌పీఎం దగ్గర మోగితే తప్పు సైలెన్సర్‌దో, ఇంజిన్‌తోపాటు వణికే ఏదో భాగానిదో. ఏ గేర్‌లోనైనా ఒకే వేగం దగ్గర వస్తుంటే అది గాలి, టైరు లేదా చైను. సైలెన్సర్ మార్చినా పోదు.

సైలెన్సర్‌దే అని తేలితే లెక్క ఇదీ. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. 4,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2,000 పేలుళ్లు, అంటే సెకనుకు సుమారు 33. అదే ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 133. సెకనుకు 33 సార్లు కొట్టుకునే శబ్దతరంగం పొడవు బయటి గాలిలో దాదాపు 10 మీటర్లు. దాన్ని రెండు మూడు సెంటీమీటర్ల మందమున్న ఊలు ఎలా ఆపుతుంది? అందుకే సింగిల్ సిలిండర్ బండికి తిన్నటి గొట్టం సైలెన్సర్ పెడితే మోత ఎక్కువ, నాలుగు సిలిండర్ల బండికి పెడితే కాస్త తక్కువ.

పరిష్కారంగా ఊలు ఇంకా కూరితే లాభం లేదు. గదులున్న సైలెన్సరో, లోపల అడ్డుపలకలున్న డీబీ కిల్లరో కావాలి. ఒకే కంపెనీ సైలెన్సర్‌కు రెండు మూడు రకాల డీబీ కిల్లర్లు దొరుకుతుంటే అవి మార్చి చూడండి. మూతిని మాత్రమే ఇరుకు చేసేవి మోతను తగ్గించకపోవచ్చు, పొడవుగా లోపలికి వెళ్లేవి తగ్గించే అవకాశం ఎక్కువ.

ఇంకో దారి ఆర్‌పీఎంనే జరపడం. ముందు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది ఉంటే 15 పళ్లది వేస్తే, 4,000 దగ్గర తిరిగే ఇంజిన్ అదే వేగానికి 3,730 చుట్టుపక్కల తిరుగుతుంది. మోత ఉన్న చోటు నుంచి బయటపడిపోవచ్చు. బదులుగా పికప్ కాస్త తగ్గుతుంది, వేగం చూపే సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర ఉన్న బండిలో స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. పెద్ద స్ప్రాకెట్ కవర్‌లో పడుతుందో లేదో ముందే చూసుకోండి. ఇవేవీ వద్దనుకుంటే, ఆ వేగం దగ్గర ఒక గేర్ తగ్గించి నడపండి. డబ్బు ఖర్చు లేదు, తలనొప్పీ ఉండదు.

లక్షణం: థ్రాటిల్ వదలగానే ఫట్‌ఫట్‌మని పేలుతోంది

థ్రాటిల్ మూసినప్పుడు పూర్తిగా మండని పెట్రోలు ఆవిరి పైపులోకి వస్తుంది. అక్కడ దానికి తాజా గాలి తగిలితే వేడికి అంటుకుని పేలుతుంది. కొద్దిగా పేలడం మామూలే. వరుసగా, గట్టిగా పేలుతుంటే గాలి ఎక్కడినుంచో లోపలికి వస్తోందని అర్థం. ముందుగా అనుమానించాల్సింది కొత్తగా విప్పి బిగించిన అతుకులను.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి, స్టార్ట్ చేసి, బుడగలు వస్తున్నాయేమో చూడండి. పైపు వేడెక్కకముందే చూడాలి. నాకు సైలెన్సర్ క్లాంపు కింద, చేత్తో తడిమినా తెలియనంత సన్నని సందులోంచి బుడగలు వరసగా వచ్చాయి. గ్యాస్కెట్ (అతుకు మధ్య సందు మూసే రింగు) కొత్తది వేసి బిగించగానే పేలుళ్లు సగానికి పైగా ఆగిపోయాయి. ఒకసారి నలిగిన గ్యాస్కెట్ మళ్లీ సరిగ్గా మూయదు, కొత్తదే వాడండి. బిగించేటప్పుడు బోల్టులన్నీ మొదట వదులుగా పట్టించి, ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగుతు చూడండి.

అతుకులన్నీ గట్టిగా ఉన్నా పేలుతుంటే మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయి ఉండొచ్చు. కార్బురేటర్ బండిలో మిక్స్చర్ స్క్రూ, పైలట్ జెట్ చూడాలి. ఇంజెక్షన్ బండిలో స్లిప్-ఆన్‌కు సాధారణంగా ఆక్సిజన్ సెన్సర్ సర్దుకుపోతుంది, ఫుల్ సిస్టమ్‌కు మ్యాపింగ్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని పెట్రోలు లెక్క) మార్పించుకోవాల్సి రావచ్చు.

లక్షణం: పొద్దున స్టార్ట్ చేయగానే టిక్‌టిక్, వేడెక్కాక మాయం

ఇంజిన్ హెడ్ దగ్గరి గ్యాస్కెట్ లీకు. లోహం వేడెక్కి వ్యాకోచించగానే సందు మూసుకుంటుంది, అందుకే మాయమవుతుంది. వాల్వుల చప్పుడని మెకానిక్ పొరపడే ప్రమాదం ఉంది. ఆ అతుకు దగ్గర నల్లటి మసి మరక ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. స్టడ్‌లు తుప్పు పట్టి ఉంటే బలవంతం చేయకండి, విరిగితే పెద్ద పని. నూనె వేసి ఒక రాత్రి నానబెట్టండి.

లక్షణం: కొన్నప్పుడు బాగుంది, నెలలు గడిచేకొద్దీ పెరుగుతోంది

ఊలు కాలిపోయింది. చిల్లుల గొట్టంలోంచి వేడి పొగ ఊలును కొద్దికొద్దిగా చిదిమి బయటికి ఊదేస్తుంది. డబ్బా బయటి పొర మునుపటికన్నా వేడెక్కడం, రంగు మారడం, శబ్దం బోలుగా, రేకు డబ్బాలో పలికినట్టు ఉండడం దీని గుర్తులు. రివెట్లు డ్రిల్ చేసి మూత తీసి ఊలు మార్చుకోవచ్చు. కొనేటప్పుడే విప్పడానికి వీలున్నదాన్ని ఎంచుకుంటే ఈ పని మీరే చేసుకోగలరు. ఎగ్జాస్ట్ కోసం చేసిన ఊలే వాడండి, ఇంటి పైకప్పుకు వేసేది వద్దు. అందులోని జిగురు కాలి పొగ వస్తుంది, ఊలు త్వరగా రాలిపోతుంది. గొట్టం చుట్టూ ఒకే మందంలో చుట్టండి, మరీ గట్టిగా కూరకండి. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి, ఆ నూగు చర్మంలో గుచ్చుకుంటే రోజంతా దురద.

లక్షణం: రేకు కొట్టుకుంటున్నట్టు గలగల

చాలావరకు బ్రాకెట్‌దే తప్పు. రబ్బరు బుష్ లేకుండా సైలెన్సర్‌ను నేరుగా ఫ్రేముకు బిగిస్తే ఇంజిన్ వణుకంతా ఫ్రేములోకి ఎక్కుతుంది. వెనక చక్రం పైకీ కిందకీ కదిలేటప్పుడు స్వింగ్‌ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కమ్మీకి) తగులుతోందేమో, పెయింట్ గీసుకుపోయిన గుర్తు ఉందేమో చూడండి. చల్లారిన సైలెన్సర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టితే లోపల ఏదైనా ఊడి ఉంటే వినిపిస్తుంది.

లక్షణం: దారిలో పర్లేదు, పొద్దున్నే వీధి అంతా నిద్ర లేస్తోంది

చల్లటి ఇంజిన్ కొద్దిసేపు ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఐడిల్ అవుతుంది. కాబట్టి ఇది సైలెన్సర్ లోపమేమీ కాదు. నిలబెట్టి వేడెక్కించకండి. హెల్మెట్, గ్లౌజులు అన్నీ వేసుకున్నాకే స్టార్ట్ చేసి, కొద్ది సెకన్లలో బయలుదేరి, వీధి చివర దాకా తక్కువ థ్రాటిల్‌తో వెళ్లండి. గోడ వైపు మూతి పెట్టి బండి నిలిపే అలవాటు ఉంటే అటుది ఇటు తిప్పండి, గోడకు కొట్టిన చప్పుడంతా తిరిగి ఇళ్లలోకే పోతుంది.

ఇంకా కొనలేదా?

అయితే సగం సమస్యలు రాకుండానే పోతాయి. మీ బండి మోడల్ పేరుతో ఆమోదం ఉన్నదే తీసుకోండి. ఐక్యరాజ్యసమితి నిబంధనల కింద ఆమోదం పొందిన సైలెన్సర్ మీద వృత్తంలో ఇంగ్లిషు 'E' అక్షరం, పక్కన దేశం అంకె చెక్కి ఉంటాయి: E1 అంటే జర్మనీ, E3 అంటే ఇటలీ. డీబీ కిల్లర్‌తో కలిపి పరీక్షించి ఆమోదించిన సైలెన్సర్‌లో అది తీసేస్తే ఆ ఆమోదం చెల్లదు. 'రేస్ ఓన్లీ' అని రాసి ఉన్నది ఎంత అందంగా ఉన్నా రోడ్డుకు కొనకండి.

పొడవూ లావూ ఉన్న డబ్బా, మందమైన బయటి పొర, ఊలు మార్చుకునే వీలు, స్లిప్-ఆన్, మూతి వెనక్కి చూసేలా ఉండడం. ఈ వరుసలోనే నేను చూస్తాను. పలుచటి టైటానియం రేకు తేలికే, కానీ తానే పళ్లెంలా మోగుతుంది. బరువు కోసం కాక చప్పుడు తక్కువ కోసం కొనేవాళ్లకు మందపాటి స్టీలే నయం. వీలైతే అదే మోడల్ బండికి అదే సైలెన్సర్ ఉన్నవాళ్లను పట్టుకుని, వాళ్లు బండి నడుపుతుంటే మీరు పదిహేను అడుగుల దూరంలో నిలబడండి. ఆ తర్వాత వాళ్ల వెనక సీటులో కూర్చుని మీరు రోజూ వెళ్లే వేగంలో పది నిమిషాలు వెళ్లి చూడండి.

చెవుల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలకు మించి ఉండకూడదు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. హైవే వేగంలో హెల్మెట్ లోపలి గాలి హోరొక్కటే 90 దాటుతుంది. అందుకని నేను సైలెన్సర్‌ను మార్చి, పెద్ద డబ్బాది పెట్టించుకున్నాక కూడా దూర ప్రయాణాలకు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకునే వెళ్తున్నాను. మొన్న మా తమ్ముడు మళ్లీ రాత్రి పదకొండింటికి బండి తెచ్చి గేటు ముందు ఆపాడు. తాళం చప్పుడు వినపడ్డాక గానీ వాడు వచ్చాడని నాకు తెలియలేదు.