ఓ రోజు స్టార్టయ్యి, ఓ రోజు మొరాయించే కారుని పట్టుకోవడం ఎలా

కారు పూర్తిగా చచ్చి పడుంటే అదో రకంగా నయం. మెకానిక్ వస్తాడు, చూస్తాడు, ఏది పోయిందో తేలిపోతుంది. పొద్దున్న మొరాయించి, మెకానిక్ వచ్చేసరికి ఠక్కున స్టార్టయ్యే కారుతోనే అసలు తంటా. "బాగానే ఉంది కదండీ" అని ఆయన వెళ్లిపోతాడు. నాలుగు రోజులు పోయాక సరిగ్గా పెళ్లికి బయల్దేరే టైముకో, నర్సాపురం సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) ఒడ్డుకి చేరి వెనకాల బళ్లన్నీ హారన్లు కొడుతున్నప్పుడో మళ్లీ అదే వరస. ఇక అక్కణ్నుంచి ఊహల మీద సామాన్లు మార్చడం మొదలవుతుంది, ముందు బ్యాటరీ, తర్వాత సెల్ఫ్ మోటారు (కీ తిప్పితే ఇంజనుని తిప్పేది), ఆ తర్వాత డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసేది). వేలకి వేలు పోతాయి, కారు మాత్రం తన అలవాటు మానదు.

మొరాయించిన ఆ రెండు నిమిషాలే మీ చేతిలో ఉన్న ఆధారం. టెన్షన్‌లో కీ మీద కీ తిప్పేస్తే ఏదో ఒక తిప్పుకి స్టార్టయిపోతుంది, హమ్మయ్య అనుకుని వెళ్లిపోతాం, ఆధారం కూడా దాంతోనే పోతుంది. అందుకని రెండోసారి కీ తిప్పేముందు ఫోన్ తీసి వీడియో పెట్టండి. మీటర్ బోర్డు కనపడాలి, చప్పుడు వినపడాలి. తర్వాత ఒక చిన్న పుస్తకంలోనో ఫోన్‌లోనో నాలుగు ముక్కలు రాసుకోండి: ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, ఎంతసేపు ఆగి ఉంది, వాన పడిందా, ట్యాంకులో ఎంత ఉంది. మూడు నాలుగు సార్లు ఇలా రాసేసరికి ఒక వరస కనపడుతుంది. "ఎప్పుడూ వేడి మీదే", "ఎప్పుడూ వాన పడ్డ మర్నాడే" అని తేలిందంటే సగం పని అయినట్టే.

చెవి పెట్టి వినడం చాలా ముఖ్యం. కీ తిప్పితే ఏ చప్పుడూ లేదా, ఒక్కసారి "టక్" మని ఊరుకుందా, "టకటకటక" మని వరసగా కొట్టుకుందా, లేక సెల్ఫ్ బాగా తిరుగుతూనే ఇంజను అందుకోవట్లేదా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు రోగాలు. మెకానిక్‌తో "స్టార్ట్ అవ్వట్లేదండి" అంటే ఆయనకి ఏమీ తెలీదు, "సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవట్లేదు" అంటే సగం సామాన్ల మీద అనుమానం అక్కడికక్కడే పోతుంది.

టకటకమని కొట్టుకుంటే చాలాసార్లు బ్యాటరీలో పస లేకపోవడమే, లేదా టెర్మినల్ (బ్యాటరీకి వైరు బిగించే చోటు) వదులుగా ఉండటం. ఒక్క టక్ మని ఆగిపోతే సెల్ఫ్ మోటారు, దాని మీదుండే సోలినాయిడ్ (కీ తిప్పగానే సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్), ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే వైరు), వీటి మీద అనుమానం పెట్టుకోండి. ఏ చప్పుడూ లేకపోతే ముందు హెడ్‌లైట్లు వేసి కీ తిప్పండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే ఎక్కడో కనెక్షన్ విడిపోతోంది. బాగా మసకబారితే బ్యాటరీ డౌన్, లేదా సెల్ఫ్ మోటారు పట్టేసింది. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంటే సెల్ఫ్‌కి వెళ్లాల్సిన ఆర్డరే వెళ్లట్లేదు. అప్పుడు క్లచ్ పూర్తిగా కిందికి తొక్కి చూడండి, చాలా కార్లలో క్లచ్ దగ్గర స్విచ్ ఉంటుంది, కింద మ్యాట్ అడ్డుపడ్డా అది పనిచేయదు. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి చూడండి. పుష్ బటన్ కారయితే బ్రేక్ తొక్కినప్పుడు వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. ఆ స్విచ్ పోతే మీరు బ్రేక్ తొక్కిన సంగతి కారుకి తెలీదు, స్టార్ట్ కానివ్వదు. రిమోట్ కీలో చిన్న సెల్ అయిపోతే కీని బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు తీసుకుంటాయి.

మీటర్ బోర్డులో తాళం బొమ్మ లైటు ఆగకుండా మినుకుమినుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (సరైన కీ కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) మీ కీని గుర్తుపట్టలేదు. బీరువాలో ఉన్న రెండో కీతో ప్రయత్నించండి. రెండో కీతో ఎప్పుడూ పేచీ లేకపోతే రోగం కారుది కాదు, కీది.

ఇక కొలతలు. కొన్ని వందల రూపాయల్లో వోల్టులు కొలిచే మల్టీమీటర్ వస్తుంది, ఈ జబ్బున్న కారు ఇంట్లో ఉంటే అది కొనాల్సిందే. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 చూపిస్తే సగమే ఉన్నట్టు, 12 కిందికి దిగితే దాదాపు ఖాళీ. అయితే ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, బరువు పడగానే కూలిపోయే బ్యాటరీలు చాలా ఉంటాయి. అందుకని సెల్ఫ్ కొడుతుండగా కూడా చూడాలి. ఆ టైములో 9.6 కన్నా కిందికి పడిపోతుంటే, బ్యాటరీ నిండుగా ఛార్జింగ్‌లో ఉండి కూడా పడిపోతుంటే, దాని పని అయిపోయినట్టే. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 దాకా ఉంటే డైనమో ఛార్జ్ చేస్తోందని. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, అప్పుడు ఏసీ, లైట్లు వేసి చూడండి.

ఇక్కడ మన గోదావరి జిల్లాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలి. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఎటు చూసినా నీళ్లే. గాలిలో తడి ఏడాది పొడుగునా ఉంటుంది. ఈ తడికి, ఉప్పుకి ముందు లొంగేది ఎర్త్ వైరు. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒకటి, ఇంజనుకో గేర్ బాక్సుకో ఒకటి లావుపాటి వైరో అల్లిన పట్టీయో ఉంటుంది, బోల్టుతో బిగించి ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు వందల ఆంపియర్ల కరెంటు దీన్లోంచే బ్యాటరీకి తిరిగి రావాలి. బోల్టు కింద తుప్పు పట్టిందంటే లైట్లకి, హారన్‌కి సరిపడా కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనపడుతుంది, సెల్ఫ్‌కి మాత్రం చాలదు. ఇంజను అదురుకి ఆ పట్టీ కాస్త కదిలితే ఒకరోజు అతుకు కుదురుతుంది, ఒకరోజు కుదరదు. మొరాయింపు వచ్చి పోతూ ఉండటానికి ఇది పెద్ద కారణం.

మా బావగారికి రోజూ చెరువుల మీదికి తిరిగే డీజిల్ కారు ఉంది. కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చారు, అయినా తెల్లారి ఒక టక్ మనడం, ఊరుకోవడం. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ పోల్ మీద (క్లాంపు మీద కాదు, సీసపు పోల్ మీదే), రెండో తీగ ఇంజను ఇనుము మీద పెట్టి, ఆయన్ని సెల్ఫ్ కొట్టమన్నాను. 0.2 వోల్టులకి మించకూడనిది ఒకటి దాటి చూపించింది. గేర్ బాక్సు దగ్గర ఎర్త్ వైరు పైకి నిగనిగలాడుతూ ఉంది. చివర రింగు దగ్గర నల్ల తొడుగు బ్లేడుతో చీలిస్తే లోపలంతా పచ్చటి పొడి, వేళ్లతో నులిమితే రాలిపోతోంది, తీగలు పుటుక్కున తెగిపోతున్నాయి. కొత్త వైరు వేసి, బోల్టు కూర్చునే చోట పెయింటూ తుప్పూ పోయేలా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీజు రాశాం. బ్యాటరీ ఖర్చుతో పోలిస్తే ఆ వైరు ఖరీదు ఏపాటి! పాజిటివ్ వైపు కూడా ఇలాగే, పాజిటివ్ పోల్‌కీ సెల్ఫ్ మోటారు మీది లావు వైరు బోల్టుకీ మధ్య కొలిస్తే సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.5 దాటకూడదు. ఈ ఒక్క కొలత చెయ్యకుండా ఎవరైనా సెల్ఫ్ మార్చమంటే ఒప్పుకోకండి.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే శుభ్రం చెయ్యడం ఇంట్లో పనే. పది నంబరు స్పానర్‌తో ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. వేణ్నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించి, పైన వ్యాజలీన్ రాయండి. అది యాసిడ్ సరుకు, కళ్లకి తగలనివ్వకండి. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల, సిగరెట్ వద్దు, అందులోంచి హైడ్రోజన్ వస్తుంది.

మన దగ్గర ఇంకో బెడద ఎలుకలు. సార్వా (తొలి వరి పంట) కోతలయిన నవంబర్, డిసెంబర్‌లోనూ, దాళ్వా (రెండో పంట) కోతలయిన ఏప్రిల్‌లోనూ చేలో తిండి అయిపోగానే ఇళ్ల వైపు వస్తాయి. వెచ్చగా ఉంటుందని బోనెట్ కింద దూరతాయి. బ్యాటరీ ట్రే మీద కొబ్బరి పీచు, వడ్ల పొట్టు, పెంటికలు కనపడితే వెంటనే వైరింగ్ అంతా టార్చి వేసి చూడండి. పూర్తిగా కొరికేసిన వైరు నయం, వెంటనే తెలిసిపోతుంది. సగం కొరికినది ఆరి ఉన్నప్పుడు పనిచేస్తుంది, వాన తడి తగిలితే పనిచేయదు. దానికి ఊరికే ఇన్సులేషన్ టేపు చుట్టించుకుని రాకండి, టంకం వేసి పైన స్లీవ్ వేడి చేసి వేయించండి.

సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే లెక్క మారిపోతుంది. పెట్రోలు కారయితే కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు సెకన్ల పాటు సన్నగా "జుయ్" మని పెట్రోల్ పంపు చప్పుడు రావాలి. మొరాయించిన రోజు ఆ చప్పుడు లేకపోతే పంపో, దాని రిలేనో (పంపుకి కరెంటు కలిపే చిన్న స్విచ్ పెట్టె), ఫ్యూజో పోయినట్టు. హారన్ రిలే అదే నంబరుదైతే మార్చి పెట్టి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష. ఎప్పుడూ రిజర్వులో నడిపే కార్లలో ఈ పంపు తొందరగా పోతుంది, దాన్ని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే.

హైవే మీద రావులపాలెం దాకా బాగా వచ్చి, టీ తాగడానికి ఆపాక స్టార్ట్ కాక, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే క్రాంక్ సెన్సర్ (ఇంజను తిరుగుతున్న సంగతి కారు కంప్యూటర్‌కి చెప్పేది) మీద అనుమానపడండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు కాస్తన్నా కదలాలి, కొన్ని కార్లలో అస్సలు కదలకపోవడం దీనికి గుర్తు. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే పీ0335 అనే కోడ్ దొరకచ్చు. అదే వేడి మీద సెల్ఫే తిరగకపోతే మాత్రం సెల్ఫ్ మోటారు, సోలినాయిడ్ చూపించుకోండి.

డీజిల్ కార్లకి చలికాలం హీటర్ ప్లగ్గుల (స్టార్టయ్యే ముందు సిలిండర్‌ని వేడి చేసేవి) గొడవ మన వాతావరణంలో తక్కువే. ఇక్కడ ఎక్కువగా చూడాల్సింది డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు, ఫిల్టర్ మార్చాక పైపుల్లో గాలి లాగడం. ఫిల్టర్ కింద డ్రెయిన్ ఉంటే ఒక సీసాలోకి వదిలి చూడండి, నీళ్లుంటే అడుగున వేరుగా కనపడతాయి.

వరద టైములో ఒక్క మాట గట్టిగా చెప్తాను. 2022 జులైలో గోదావరి లంక ఊళ్లలో ఎంత నీళ్లు వచ్చాయో చూశాం కదా. నీళ్లు ఇంజను గాలి పీల్చే పైపు ఎత్తుకి వచ్చాయని అనుమానం ఉంటే కీ ముట్టుకోకండి. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, చిన్న రిపేరు ఇంజను పనికి చేరుతుంది. బ్యాటరీ నెగటివ్ విప్పి, తోయించి మెకానిక్ షెడ్డుకి చేర్చండి.

ఇరుక్కున్నప్పుడు సెల్ఫ్ పది సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. తోసి స్టార్ట్ చెయ్యడం మాన్యువల్ గేర్ కార్లకే, రెండో గేరులో. కానీ కాలవ గట్టు మీద మాత్రం ఆ పని వద్దు. ఇంజను నడవకపోతే పవర్ స్టీరింగ్ ఉండదు, బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది, పక్కన రెయిలింగ్ కూడా లేని చోట కాలవలోకి జారడానికి క్షణం పట్టదు. జంపర్ వైరు వాడితే ఎర్రది ముందు డౌనయిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కి, దాని రెండో కొస ఆగిన కారు ఇంజను ఇనుముకి. అయిదు నిమిషాలు ఆగి కీ తిప్పండి.

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, కారు పెద్దవాళ్ల దగ్గర వారాలకి వారాలు షెడ్డులో ఉండే ఇళ్లు మనకి ఎన్నో. అలా ఆగి ఉన్న కారులో బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది. అన్నీ ఆపేసి, డోర్లు వేసి అరగంట ఆగాక బ్యాటరీలోంచి లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీఆంపియర్లకి మించకూడదు. బయట షాపులో పెట్టించిన కెమెరాలు, జీపీఎస్ పెట్టెలు దీన్ని పెంచేస్తాయి. వాటిని ఒక్కొక్కటీ తీసి కొలిపించండి. మరీ నెలల తరబడి కదలని కారుకి నెగటివ్ విప్పి ఉంచడమే మంచిది.

మామూలు మెకానిక్ కన్నా అమలాపురం, పాలకొల్లు, తణుకు లాంటి చోట్ల బాగా అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. వీడియో చూపించండి, రాసుకున్నది చదివి వినిపించండి. పార్టు మార్చాలంటే "కొలిచి చూపించండి, పాతది నాకిచ్చేయండి" అని మర్యాదగానే అడగండి, పని తెలిసినాయన ఏమీ అనుకోడు. రిపేరయ్యాక అక్కడే రెండుసార్లు స్టార్టయింది కదా అని నమ్మేయకండి. వేడి మీద మొరాయించే కారుని అరగంట నడిపి, పావుగంట ఆపి చూడండి. వానకి మొరాయించేదైతే వాన పడ్డ మర్నాడు పొద్దున్నే చూడండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మెకానిక్ షెడ్లు మూసేస్తారు కాబట్టి పండక్కి కారు కావాలంటే ఈ పరీక్షలన్నీ డిసెంబర్‌లోనే చేసుకోండి.